నొప్పి పాదములకు చలికాలపు పాదరక్షలు



దీపావళి దాటిందంటే మా ఆసిఫాబాదు ప్రాంతములో చలి మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీలకన్న దిగువకు పోవడము ఇక్కడివారికి క్రొత్త కాదు. దుప్పట్లు, స్వెట్టర్లు, మఫ్లర్లు పెట్టెల్లోనుండి బయటికి వస్తాయి. పాదముల సంగతి మాత్రము ఎవరికీ గుర్తు రాదు. తలకు మఫ్లరు చుట్టుకొని, కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులతో మంచులో తిరిగేవారే మన పల్లెల్లో ఎక్కువ. పాదములు బాగున్నవారికి అలా సాగిపోతుంది. నొప్పి పాదములవారి మాట వేరు. నేను అట్టివారిలో ఒకతెను గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను 28 సంవత్సరములు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. రోజంతా బండల మీద నిలబడి పాఠము చెప్పడమే నా పని. రిటైరు కావడానికి రెండేండ్ల ముందు కుడికాలి మడమలో నొప్పి మొదలైంది. ప్రొద్దున మంచము దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుండేది. పది అడుగులు నడిచాక కొంత సర్దుకొనేది. కాసేపు కూర్చొని లేస్తే మళ్ళీ అదే బాధ.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు మడమ లోపలి ప్రక్క బొటనవ్రేలితో నొక్కి చూచి సంగతి చెప్పారు. మడమ ఎముక నుండి కాలివ్రేళ్ళ మొదళ్ళ వరకు అరికాలిలో గట్టి నారవంటి ఒక పట్టీ ఉంటుందట. విల్లుకు నారి ఎలాగో అరికాలి వంపుకు అది అలాగు. ఎక్కువసేపు నిలబడడము, వయస్సు, శరీరపు బరువు, గట్టి నేల, పలుచని చెప్పులు - వీటివలన మడమ దగ్గర ఆ పట్టీ దెబ్బతింటుంది. రాత్రి నిద్రలో ముడుచుకొని ఉండి, ఉదయము మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. దీనిని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. పిక్కలను, అరికాలిని సాగదీసే వ్యాయామముతోను, తగిన పాదరక్షలతోను చాలామందికి ఏడాది లోపల తగ్గిపోతుంది. నావంటి కొందరికి తగ్గినట్లే తగ్గి చలికాలములో తిరగబెడుతుంది. చలికి పిక్కలు బిగుసుకుంటాయి. దానికి తోడు ఇంట్లో చల్లని బండల మీద వట్టి కాళ్ళతోనే తిరుగుతాము.

నొప్పిని ఓర్చుకోవచ్చును. నాకు ఓర్చుకోలేనిదిగా ఉన్నది మరొకటి. మా ఇంటికి గుడి రెండు కిలోమీటర్లు. డిసెంబరు నెలలో మా సంఘమువారు రాత్రివేళ ఇంటింటికి క్రిస్మస్ పాటలు పాడుతూ వెళ్తారు. చిన్ననాటినుండి నేను ఆ గుంపులో లేని ఏడు లేదు. అట్టి నేను వరుసగా రెండు క్రిస్మస్‌లు మంచము మీద కూర్చొని, డోలకు చప్పుడు వీధి మలుపులో వినబడి దూరమైపోతుంటే విన్నాను. స్త్రీల సమాజము తరపున రోగులను చూడబోవడము కూడ ఆగిపోయింది. నడక పోతే మనిషి ఎంత ఒంటరియగునో అప్పుడు తెలిసింది.

చలికి కప్పుగా ఉండి, మడమకు నొప్పి పెట్టని బూట్ల కొరకు నా వెదుకులాట అప్పుడు మొదలైంది. బజారులో ఆడవారికని అమ్మే మూత బూట్లు ముందువైపు సన్నగా ఉండి వ్రేళ్ళను నొక్కేవి. కాన్వాసు బూట్లకు అడుగు అట్టముక్కవలె ఉండేది. మా పెద్దబ్బాయి హైదరాబాదు నుండి ఖరీదైన ఆటల బూట్లు పంపాడు. దూదివలె మెత్తగా ఉన్నాయి. వాటిలో మడమ క్రిందికి దిగిపోయి, సాయంత్రానికి పిక్కలు కూడ లాగేవి. మెత్తదనము ఒక్కటే చాలదు, పాదమును పట్టి నిలిపే గట్టితనము కూడ కావలెనని అప్పుడు గ్రహించాను.

చివరికి దారి చూపినది బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తమ్ముడు. నా బూట్లు చేతిలోకి తీసికొని, "టీచరమ్మా, నంబరు చూసి కొంటున్నరు. చూడవలసింది నంబరు గాదు, కాలు చూడాలె" అన్నాడు. ఒక కాగితము పరచి, నన్ను నిలబడమని, పాదము చుట్టు పెన్సిలుతో గీత గీశాడు. ఆ కాగితమును బూటు అడుగున పెట్టి చూపిస్తే, నా పాదము రెండు ప్రక్కలా వ్రేలెడు బయటికి ఉన్నది!

ఆ గీత చూడగానే నాకు మా తాత గుర్తుకు వచ్చాడు. ఆయన తంగేడు చెక్క వేసి లందలో ఊనిన తోలుతో కిర్రు చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, గూటము తప్ప వేరే పనిముట్లు ఉండేవి కావు. మనిషిని తోలు మీద నిలబెట్టి బొగ్గుతో గీత గీసేవాడు. ఒక కాలు వంటిది మరొక కాలు కాదని, కుడికి వేరు ఎడమకు వేరు కొలత తీసేవాడు. ఆయన కుట్టిన చెప్పులు ఊరంతా తొడిగింది. దొరల వాకిలి ముందర మాత్రము ఆయన తన చెప్పులు చేత పట్టుకొని నడిచేవాడు. మనలో అనేకుల తాతలు అలాగే నడిచారు. కాళ్ళకు మంచి చెప్పులు తొడగడము షోకు అని నేడు మనలో ఎవరైనా అంటే, నాకు ఆ నడక కండ్లముందు కనబడుతుంది.

ఆ తమ్ముని మాటలనుండియు, డాక్టరుగారి సలహానుండియు నేను నేర్చుకొన్నవి మీకును ఉపయోగపడవచ్చును. బూట్లు సాయంత్రము కొనండి. అప్పటికి పాదములు కొంచెము ఉబ్బి ఉంటాయి. చలికాలములో ఏ మేజోళ్ళు వేస్తారో వాటినే తొడిగి చూడండి. రెండు పాదములలో పెద్దదానికి సరిపోవలెను. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండవలెను. లోపలి అట్ట ఊడి వచ్చేదైతే తీసి నేలమీద పెట్టి దానిపై నిలబడండి. పాదము అంచులు దాటితే ఆ జత మీకు ఇరుకు. మడమ వెనుక భాగమును నొక్కితే లోపలికి కూలిపోకూడదు. బూటు రెండు చివరలు పట్టి వంచితే వ్రేళ్ళ మొదళ్ళ దగ్గర వంగవలెనే గాని నడుమ మడత పడకూడదు. మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే చాలు. లేసులు గాని అంటించే పట్టీలు గాని ఉంటే వాపునుబట్టి వదులు చేసికోవచ్చును.

వెచ్చదనము గూర్చి ఒక మాట. ఇరుకు బూటులో రెండేసి మేజోళ్ళు వేస్తే రక్తము ఆడక పాదము ఇంకా చల్లబడుతుంది. నూలు మేజోళ్ళు మంచుకు తడిస్తే చల్లగా అంటుకొంటాయి. ఉన్నివి తడిసినా కొంత వెచ్చదనము నిలుపుతాయి.

నా పాదమునకు తగినవి చివరకు మగవారి దుకాణములో దొరికాయి. చీర క్రింద మగవారి నల్ల బూట్లు చూచి మా వారు నవ్వారు. నేనును నవ్వాను. తరువాత ఆ తమ్ముడు వాటి లోపల ఎం.సి.ఆర్. అనే రబ్బరు అట్ట కోసి వేశాడు.

ఈ ఎం.సి.ఆర్. వెనుక ఒక చరిత్ర కలదు. సన్నని గాలి గదులు నిండిన ఈ రబ్బరును కుష్ఠురోగుల చెప్పులకు వాడుకలోనికి తెచ్చినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యులు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. 2003లో మరణించారు. కుష్ఠురోగుల పాదములకు పుండ్లు పడడము మాంసము చెడినందువలన కాదని, స్పర్శ లేక ఒకేచోట ఒత్తిడి పడుచున్నందువలననని ఆయన చూపించారు. ఒకసారి ఆయన దీర్ఘమైన రైలు ప్రయాణము తరువాత లండనులో మేజోళ్ళు తీస్తుంటే మడమలో స్పర్శ లేదు. సూదితో గ్రుచ్చినా తెలియలేదు. తనకును ఆ వ్యాధి సోకిందని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్ళీ గ్రుచ్చుకుంటే నొప్పి పుట్టింది! కదలకుండ కూర్చున్నందున నరము మొద్దుబారింది, అంతే. ఆ నొప్పికి ఆయన దేవునికి స్తోత్రము చెప్పారు. మడమ పోటుతో లేచే ఉదయములలో నేను ఆయనను తలంచుకుంటాను.

మధుమేహము ఉన్నవారు ఈ సంగతి తప్పక గమనించవలెను. మీకు నొప్పి తగ్గిందంటే పాదము బాగైందని కాదు, స్పర్శ పోయి ఉండవచ్చును. చలికి కాళ్ళు కుంపటి దగ్గర, చలిమంట దగ్గర పెట్టకండి. వేడినీళ్ళలో పెట్టేముందు మరొకరిచేత చేయిపెట్టి చూపించండి. బూటు తొడిగేముందు రాయిగాని తేలుగాని ఉందేమో దులపండి. రోజూ రాత్రి అరికాళ్ళు చూచుకోండి.

ఇక మిగిలినది గుడి. మనము చెప్పులు వాకిట విడిచి లోపలికి వెళ్ళే అలవాటు గలవారము. చలికాలపు ఆదివారము రెండు గంటలు బండల మీద నిలుస్తూ కూర్చుంటూ ఉంటే నా వారమంతటి శ్రమ వ్యర్థమయ్యేది. డాక్టరుగారు ఇంట్లో కూడ వట్టి కాళ్ళతో తిరగవద్దన్నారు. అందుచేత నేల తాకని ఒక శుభ్రమైన జత సంచిలో పెట్టుకొని, గుడి మెట్ల దగ్గర మార్చుకొని లోపలికి వెళ్ళాను. ఒక పెద్దమ్మ చూచి, "ఏమ్మా టీచరమ్మా, గుడిలకు చెప్పులేసుకొని వస్తున్నవా?" అని అడిగింది. అక్కడివారందరు నావైపు చూచారు. అప్పుడు మా అయ్యగారు దగ్గరికి వచ్చి ఏమి నొప్పియని అడిగి తెలిసికొన్నారు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు ఇంటిలో పాదముల నొప్పికి చోటు లేకుండ ఉండదని నెమ్మదిగా చెప్పారు. మరుసటి వారము వృద్ధులు కూర్చునే వైపు రెండు మందపు జంపఖానాలు పరచి ఉన్నాయి. వాటి మీదికి ముందుగా వచ్చి కూర్చున్నది ఆ పెద్దమ్మే. ఆమె కీళ్ళు కూడ నొప్పియేనట, ఎన్నడూ చెప్పుకోలేదు.

గత క్రిస్మస్‌కు నేను పాటలకు వెళ్ళాను. ఊరంతా కాదు, ఆరు ఇండ్లు. మధ్యలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చున్నాను. ఉదయము నొప్పి ఉన్నది, అయినా లేవగలిగాను.

ప్రియమైన కుటుంబములారా, ఈ చలికాలములో మీ ఇంటి పెద్దల పాదములు ఒక్కసారి చూడండి. వారు అడగరు. "మాకెందుకురా బూట్లు" అంటారు. ఒక కాగితము పరచి, వారిని నిలబెట్టి, పాదము చుట్టు గీత గీయండి. ఆ కాగితము తీసికొని దుకాణానికి వెళ్ళండి.