తల నెరవక ముందే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ మిత్రులు అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. అందుకని మా బ్యాచ్ వాళ్లం కూర్చుని మాట్లాడుకుని వేరే విషయం ఎంచుకున్నాం. అది ముసలితనం. పదిహేనేళ్ల పిల్లలకు ముసలితనం ఊసెందుకని తమ్ముళ్లు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. మీ వయసులో మేమూ నవ్వేవాళ్లమే. ఇప్పుడు మాలో సగం మందికి బీపీ మాత్రలు, అందరికీ కళ్లద్దాలు!

మన ఇళ్లలో ముసలితనం తొందరగా వస్తుంది. నాట్లు వేసి, మూటలు మోసి, ఇటుక బట్టీల్లో కాలిపోయిన మా అమ్మానాన్నలకు 50 దాటకుండానే నడుములు వంగిపోయాయి. కూలిపనికి రిటైర్మెంటు లేదు. రెక్క ఆడినన్నాళ్లు పని, ఆడనినాడు బిడ్డల వైపు చూపు. మాలో కొందరికి మొదటి జీతం అందేనాటికే నాన్న లేడు. కాబట్టి, నెలనెలా పెన్షన్ తీసుకుంటూ నింపాదిగా ముసలివాళ్లం కావడం అనేది మా కుటుంబాల్లో మాతోనే మొదలవుతోంది. అది ఎలాగో చూపించేవాళ్లు ఇంట్లో లేరు. పుస్తకాల్లోనూ, మనుషుల్లోనూ వెతుక్కోవలసి వచ్చింది.

రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో సిసిరో అనే గొప్ప వక్త ఉండేవాడు. క్రీ.పూ. 44లో, తనకు 62 ఏళ్లప్పుడు, వృద్ధాప్యం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో 84 ఏళ్ల కేటో అనే పెద్దాయన ఇద్దరు యువకులతో మాట్లాడుతుంటాడు. ముసలితనం మీద లోకం వేసే నిందలు నాలుగు అంటాడు. పనికి దూరం చేస్తుంది, ఒంట్లో సత్తువ తీసేస్తుంది, సుఖాలు లేకుండా చేస్తుంది, చావుకు దగ్గర చేస్తుంది. ఒక్కొక్క దానికీ ఓపిగ్గా జవాబు చెబుతాడు. తాను గ్రీకు భాష నేర్చుకున్నది ముసలితనంలోనే అంటాడు.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఆపేసిన మాట మరొకటి ఉంది. కటిక పేదరికంలో ఎంత వివేకికైనా ముసలితనం తేలిక కాదని, ఎంత సంపద ఉన్నా వివేకం లేనివాడికి అది బరువేనని దాని సారాంశం. మొదటి సగంలో మా అమ్మానాన్నలు కనబడ్డారు. రెండో సగంలో మేము కనబడ్డాం. ఉద్యోగం, ఇల్లు, ఇంటికి గేటు, గేటుకు తాళం అన్నీ వచ్చాయి. పక్కింటివాళ్ల పేరు మాత్రం తెలియదు. పేదరికం నుంచి బయటపడినవాడు ఒంటరితనంలో పడితే ఆ ప్రయాణానికి అర్థమేమిటి?

హాస్టల్ పిల్లలుగా మనకు బాగా తెలిసిన మనిషి ఎస్.ఆర్. శంకరన్ గారు. తంజావూరు ప్రాంతంలో 1934లో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా సాంఘిక సంక్షేమ శాఖను నడిపారు. వెట్టిచాకిరి నిర్మూలన కోసం ఊరూరా తిరిగారు. పెళ్లి చేసుకోలేదు. 1992లో రిటైరయ్యారు. ఆ తర్వాత హైదరాబాదులో చిన్న ఫ్లాట్‌లో ఉంటూ, పాకీపని నిర్మూలన కోసం సఫాయి కర్మచారులతో కలిసి చివరిదాకా పనిచేశారు. 2010 అక్టోబర్ 7న కన్నుమూసేనాటికి ఆయనకు 75 ఏళ్లు. భార్యాబిడ్డలు లేని ఆయన కోసం ఎంతోమంది బిడ్డల్లా ఏడ్చారు. వయసు మీద పడినా మనిషి ఎండిపోకుండా ఉండాలంటే తనకంటే పెద్ద పని ఒకటి చేతిలో ఉండాలని ఆయన బతుకు చూసి నేర్చుకున్నాం.

అమెరికాలో 1938లో మొదలైన ఒక పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది. హార్వర్డ్ విద్యార్థులు 268 మందిని, బోస్టన్ పేదవాడల పిల్లలు 456 మందిని తీసుకుని జీవితమంతా గమనిస్తూ వచ్చారు. 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉంటారో 50వ ఏటే చెప్పడానికి కొలెస్ట్రాల్ లెక్క కన్నా, తమవాళ్లతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే బాగా పనికివచ్చిందట. ఆ ముక్క చదవగానే మాకు హాస్టల్ హాలు గుర్తొచ్చింది. ఒకే దుప్పటిలో ఇద్దరం, ఒక సబ్బు నలుగురికి, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే స్నేహితుడు. అది ఇరుకు అనుకున్నాం గానీ, అదే మన ఆస్తి.

అందుకే తమ్ముళ్లారా, మీకు చెప్పదలచినవి మూడే మాటలు. ఇప్పుడున్న స్నేహాలను ఉద్యోగాలొచ్చాక కూడా నిలుపుకోండి. పరీక్షకు పనికిరాని పుస్తకం ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడండి. తల్లిదండ్రులను పోషించాలని 2007లో చట్టం వచ్చింది. చట్టం తిండికి, ఖర్చులకు డబ్బు ఇప్పిస్తుంది. పక్కన కూర్చుని "తిన్నావా అమ్మా" అని అడగడం మాత్రం మన పని.

మా సంగతికొస్తే, ఏడాదికి ఒకసారి కలిసే మేము ఇక నెలకొకసారి కలవాలని అనుకున్నాం. రిటైరైనవాళ్లు వంతులవారీగా స్టడీ అవర్‌లో లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి వస్తారు. నేర్పడం మీకోసమని అనుకోకండి. మేము ఎండిపోకుండా ఉండటానికి మీరు చేసే సాయం అది.