కత్తెరకు ముందు దర్భ

మన వృక్షసంప్రదాయంలో తుమ్మకు గౌరవస్థానం లేదు. అశ్వత్థానికి ప్రదక్షిణం, బిల్వానికి అర్చన, శమికి విజయదశమి ఉన్నవి. తుమ్మకు దక్కినవి గొడ్డలి, కంచె, పొయ్యి. అటువంటి తుమ్మను పదకొండేళ్లుగా ఒక లోతులేని కుండీలో పెంచుతున్న నన్ను ఒక వేదవిద్యార్థి సూటిగా అడిగినాడు: “గురువుగారూ, నిత్యం శాంతిమంత్రం చెప్పే మీరు ఒక ప్రాణిని ఇలా వామనరూపంలో బంధించడం హింస కాదా?” దీనిని పరిహాసంతో దాటవేయడం ఉచితం కాదు. విచారించవలసిన ప్రశ్నే.

ముందుగా వృక్షపరిచయం. మన నల్లతుమ్మ భారతదేశానికి ఎంత సొంతమో, ఆఫ్రికాకూ అంతే సొంతం. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన ‘నిలోటికా’ అనే పేరులో నైలునది ఉన్నది. ‘అకేషియా’ అనే ప్రాచీన నామం మొదట ఈజిప్టులోని ఈ తుమ్మదే. అయితే 2005లో వియన్నాలో సమావేశమైన వృక్షశాస్త్రజ్ఞులు ఆ పేరును ఆస్ట్రేలియా జాతులకు నిలిపినారు. 2011లో మెల్‌బోర్న్‌లో ఆ నిర్ణయమే స్థిరపడినది. ఇప్పుడు తుమ్మ ‘వాచెల్లియా’ అయినది. ఒక జాతికి పేరిచ్చిన చెట్టే ఆ పేరును కోల్పోయినది! నామరూపాల అనిత్యత్వాన్ని బోధించేటప్పుడు ఘటపటాల ఉదాహరణం విని విసిగిన శిష్యులకు నేనిప్పుడు దీనిని చెబుతున్నాను. ముల్లు మాత్రం ఏ తీర్మానానికీ లొంగక అక్కడే ఉన్నది.

జపానువారి ‘బోన్సాయ్’ అనే మాటకు పళ్లెంలో నాటినది అని అర్థం. కాని మా అనంతపురం పీఠభూమిలో ఆ పని ప్రకృతి ఏనాడో ఆరంభించినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతం గల జిల్లాగా మమ్మల్ని పేర్కొంటారు. గుట్టమీద రాతిసందున పుట్టిన తుమ్మ, ఎండకు మాడి, మేకల నోట చివురు పోగొట్టుకొని, ముప్పై ఏళ్లకు కూడా మోకాలెత్తు దాటదు. మా ఊరి మేకలకాపరి నా కుండీని చూసి, “సామీ, మా మేకలు ఊరికే చేసే పనికి మీరు కత్తెర పట్టుకొని ఇంత తంటాలు పడతా ఉండారే!” అన్నాడు. ఆ మాటలో శాస్త్రం ఉన్నది. ఆఫ్రికాలో ఆ కత్తెర జిరాఫీది. వాటి నోరు అందే కొమ్మలకు ముళ్లు పొడవు, అందని పైకొమ్మలకు పొట్టి. గొడుగువలె పైన చదునుగా పరచుకొన్న అక్కడి తుమ్మల ఆకృతిని చిత్రకారుడు పియర్నీఫ్ చిత్రాలలో చూసి, దక్షిణాఫ్రికాకు చెందిన చార్లెస్ సెరోనియో బోన్సాయ్‌లో ఆ చిత్రకారుని పేరిటనే ఒక శైలిని నిలిపినాడు. నేను అనుసరిస్తున్నది ఆ రూపమే.

విత్తనం మేకలదొడ్డిలో ఏరుకొన్నదే. దాని పెంకు కఠినం. మేక కడుపులో పడి వచ్చినది త్వరగా మొలుస్తుంది, లేనిచో మరిగిన నీటిలో వేసి రాత్రంతా నాననివ్వవలెను. ఎర్రమట్టి, చిన్న రాతిపలుకులు, మాగిన పశువులఎరువు చాలు. కష్టమంతా తల్లివేరులో ఉన్నది. దానిని ఒక్కసారి కోయరాదు. ఫాల్గుణంలో చివురు కదిలేవేళ, రెండు మూడేళ్లలో క్రమంగా తగ్గించి పీచువేళ్లను పెంచవలెను. వేళ్లమీది సూక్ష్మమైన బుడిపెలలో గాలిలోని నత్రజనిని పట్టే జీవులు నివసిస్తాయి కనుక, కుండీ మార్చినప్పుడు పాతమట్టిని ఒక గుప్పెడు కలుపుతాను. కొమ్మను మొదలంటా కోస్తే తుమ్మ అలుగుతుంది, ఎండు లోపలికి పాకుతుంది. వేలెడు మోడు విడవవలెను. లేతపచ్చి కొమ్మ తీగెకు వంగుతుంది, ముదిరినది విరుగుతుంది. సాయంసంధ్యలో దాని చిట్టి ఆకులు జతలుగా ముడుచుకొంటాయి. నేను ఆచమనానికి కూర్చొనే సమయమూ అదే.

ఇక హింస. యజ్ఞంలో యూపస్తంభానికి చెట్టును కొట్టే విధి ఉన్నది. యూపానికి విహితమైన చెట్లలో ఖదిరం ఒకటి. మనం చండ్ర అంటాము, తుమ్మకు దగ్గరి చుట్టమే. అధ్వర్యువు గొడ్డలిదెబ్బ పడేచోట ముందుగా దర్భ నుంచుతాడు. ఇతనిని కాపాడుమని ఓషధిని, హింసించవద్దని గొడ్డలినే ప్రార్థిస్తాడు. కొట్టిన తరువాత మోడుమీద ఆజ్యం హోమం చేసి, నూరు శాఖలతో మరల మొలవుమని వనస్పతిని కోరుతాడు. బాల్యంలో ఈ మంత్రభాగాన్ని కేవలం స్వరశుద్ధితో వల్లించినాను. కత్తెర పట్టిన తరువాతనే అర్థం గుచ్చుకొన్నది. ఛేదనం నిషిద్ధం కాదు. మరల మొలకెత్తడాన్ని కోరని ఛేదనం నిషిద్ధం. కుండీలో తుమ్మకు ఒక కొనను తుంచితే రెండు పుడతాయి, ఆ రెంటినీ తుంచితే నాలుగు. శాఖాసూక్ష్మత వచ్చేది ఆ మార్గాననే.

అయినను ఈ వాదం నన్ను పూర్తిగా విడిపించదు. నేలలోని తుమ్మ తల్లివేరుతో పాతాళజలాన్ని వెదకుకొంటుంది, కరవుకు ఎవరినీ యాచించదు. నేను దాని తల్లివేరును తీసివేసినాను. ఇక దాని కరవు నా బాధ్యత. వేసవిలో రోజుకు రెండు చెంబుల నీరు కావలెను. ట్యాంకరు ముందు బిందెలు వరుసగా నిలిచే ఊరిలో అది స్వల్పం కాదు. అందుకని పూజాపాత్రలు కడిగిన నీటినే పోస్తాను. పదేళ్లుగా రెండు రాత్రులకు మించి ఏ గ్రామంలోనూ పౌరోహిత్యం అంగీకరించలేదు. బంధించినది నేనే, కట్టుబడినదీ నేనే.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సుమారు అయిదెకరాల నేలను కప్పి, 1989లో గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినది. ఆ విస్తారం ముందు నా జానెడు తుమ్మను ఉంచి పోల్చడం నా ఉద్దేశం కాదు. పోల్చదగినది మరొకటి ఉన్నది: అదే దొడ్డిలో, అదేనాడు ఏరిన రెండవ గింజ. దానిని గుడి వెనుక నేలలో నాటి విడిచినాను. అది ఇప్పుడు ప్రాకారం దాటినది; పిచ్చుకలు గూళ్లు కట్టినవి, నేను నీరు పోసి ఏళ్లయినది. ప్రతి ఫాల్గుణంలో కుండీలో వేళ్లు కత్తిరించే ముందు దర్భ నుంచి, ఆ పెద్దదాని నీడలోనే కూర్చొంటాను.