తాటివనానికి సైకిలు యాత్ర

హాస్టలు వెనక మెట్ల మీద కూర్చుని మేం ఐదుగురం వేసిన ప్రణాళిక పంచవర్ష ప్రణాళికకు ఏ మాత్రం తీసిపోదు. హనుమకొండ నుంచి మామునూరు మీదుగా వర్ధన్నపేట దారిలో, పాతిక కిలోమీటర్ల లోపు, మాలో ఒకడి ఊరు. ఊరి పక్కనే తాటివనం. వాళ్ళ నాయిన గీత కార్మికుడు. ఐదుగురికి మూడు సైకిళ్ళు. అందులో ఒకదానికి బ్రేకులు సరిగా పడవు. అది సహజంగానే నాకు వచ్చింది. తాగినవాడు పొద్దు చల్లబడేదాకా చెట్టు కింద పడుకోవాలే గాని హ్యాండిలు ముట్టరాదన్నది మా రాజ్యాంగంలో మొదటి అధికరణం.

నాకింకా ఇరవై ఒకటి నిండలేదు. చట్టప్రకారం నాకు కల్లు లేదు, నీరా ఉంది. కనుక నీరా సంగతి ప్రణాళికలో చేర్చినవాణ్ణి నేనే. సైన్సు విద్యార్థిని గదా, ఉపన్యాసం కూడా దంచాను. తాటిగెల నుంచి కారే రసంలో చక్కెర నూటికి పది పన్నెండు పాళ్ళు. లొట్టి గోడలకూ గాలిలోనూ ఉండే ఈస్టు దాన్ని అందుకుందంటే కొద్ది గంటల్లోనే పొంగు మొదలు. ఎవరూ తోడు వేయనక్కర్లేదు. నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది, ఆ తర్వాత పులుపెక్కి వెనిగరు దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు ఆటలు సాగవు. కాబట్టి ముందురోజే సున్నం పూయించి, తెల్లవారకముందే దింపించి తాగాలి! కాగితం మీద "ఆరు గంటలు - నీరా" అని రాసి, కింద గీత కూడా గీశాను.

అప్పటిదాకా పలకని మా మిత్రుడు అన్నాడు: "ఆరింటికి నీకు నీరా కావాల్నంటే మా నాయిన చీకట్లనే ఎక్కాలె. ఈ మంచుకు చెట్టు జారుతది. నిరుడు మా చిన్నాయన గట్లనే పడ్డడు."

మాది సేద్యం. మా చెలక గట్టు మీదా పది తాళ్ళున్నాయి. వాటి కింద ఆడుకున్నాను, గేగులు తవ్వుకుని తిన్నాను, కట్టిన లొట్లు లెక్కపెట్టాను. ఎక్కే మనిషి ఏ పొద్దున ఎక్కుతాడో ఒక్కనాడూ అడగలేదు.

కాగితం లాక్కుని వాడే ఆరు కొట్టేసి ఎనిమిది వేశాడు. మరో షరతు కూడా చేర్చాడు. గీత కార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కిట్టు ఒకటి వాళ్ళింట్లో దూలానికి వేలాడుతున్నదట. "అది కట్టుకోకుంటే ఒక్కడు గూడ రాడని చెప్పిన."

ఆదివారం ఒక పంక్చరూ, రెండు కుక్కలూ దాటుకుని ఎనిమిదింటికి చేరాం. కాక కిట్టు బిగించుకుంటూ సణుగుతూనే ఉన్నాడు. "ముప్పయేండ్ల సంది మోకు, ముత్తాదుతోనే ఎక్కుతున్న బిడ్డా. ఇది కడుతుంటె నన్ను మళ్ల పెండ్లికొడుకును జేసినట్టున్నది." అయినా కట్టుకున్నాడు. ఆయన దిగిందాకా మా మిత్రుడు తల దించలేదు. వయసొచ్చిన ఇద్దరూ తాటాకు రేకలు పట్టి తాగారు. నాకు వాళ్ళమ్మ ఉడకబెట్టిన గేగులు పెట్టింది.

తిరుగు దారిలో నా సైకిలు వెనక కూర్చున్న మిత్రుడు మామునూరు దాకా మాట్లాడలేదు. తర్వాత, "వచ్చే ఐతారం గూడ పోదాం రా" అన్నాడు.

"మళ్లనా? పిక్కలు గుంజుతున్నయిరా."

"మీరొస్తెనే కట్టుకుంటడు."