ఏడాదా, ఏడేళ్ళా?

"ఆఫీసులో మీరు చేసే పనేమిటండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా "కాయితాలు సర్దడం" అని తప్పించుకుంటాను. నిజానికి మా కంపెనీలో కాయితాలే లేవు. ఉన్నవన్నీ నిబంధనల ఫైళ్ళు, కంప్యూటర్లో తలొక మూలా పడివున్నవి. వాటన్నిటినీ డేటా గవర్నెన్సు సాఫ్టువేరులో ఒక క్రమంలో పెట్టమని నిరుడు నాకు పురమాయించారు.

లెక్కపెడితే 112 తేలాయి. వారం రోజుల్లో ఎక్కించేశాను: జీతాల విభాగం కింద జీతాలవి, భద్రత కింద భద్రతవి. ప్రతిదానికీ "యజమాని" అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఆ విభాగం పేరే రాసేశాను. దసరాకి బొమ్మల కొలువు తీర్చినంత సంబరపడ్డాను.

మా పై అధికారిణి చూసి ఒకే ఒక ప్రశ్న వేశారు: "ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, మనం తీసుకోని వాళ్ళ వివరాలు ఎన్నాళ్ళు ఉంచుతామండీ?"

వెదికాను. ఉద్యోగుల విభాగం వారి నిబంధనలో ఏడాది. భద్రత వారి దాంట్లో ఏడేళ్ళు. రెండూ ఆమోదం పొందినవే!

నేను చేసింది సర్దడం కాదని అప్పుడు తెలిసింది. ఫైలు ఎక్కించడం చిన్న పని. అసలు పని, అందులోని ఒక్కొక్క నియమాన్నీ విడదీసి, అది ఏ సమాచారానికి వర్తిస్తుందో ఆ పట్టికకి ముడివేయడం. ముడివేస్తేగాని రెండు నిబంధనలు జుట్టూ జుట్టూ పట్టుకున్న సంగతి బయటపడదు.

ముడివేయడానికి దరఖాస్తుల పట్టిక తెరిచాను. ఏడాదీ లేదు, ఏడేళ్ళూ లేదు. 2012 నుంచి ఒక్క వరుసైనా చెరపలేదు. కిందికి పోతూంటే మా మేనల్లుడి పేరు కనిపించింది. 2014లో వాడు మా కంపెనీకి దరఖాస్తు పెట్టిన మాట నేను మరిచేపోయాను. చదవకూడదు; చదివాను. "రెండేళ్ళు ఖాళీగా ఎందుకున్నారు?" అన్న గడిలో మా బావగారి జబ్బు పేరూ, ఆస్పత్రిలో గడిపిన నెలలూ, చేసిన అప్పులూ పూసగుచ్చినట్టు రాసుకున్నాడు పాపం. అక్కయ్య అయినవాళ్ళకి కూడా చెప్పుకోని మాటలవి. ఆ పట్టిక తెరవగలిగిన వాళ్ళు మా ఆఫీసులో 36 మంది.

మర్నాడు రెండు విభాగాల పెద్దల్నీ కూచోబెట్టాను. "లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్ళు ఉంచాలని చట్టం ఉంది కదండీ" అన్నారు భద్రత ఆయన. ఉంది; 2013 నాటి కంపెనీల చట్టం. కాని మా బావగారి జబ్బు లెక్కల పుస్తకం కాదే! పని తీరిన వ్యక్తిగత సమాచారాన్ని, ఉంచమని వేరే చట్టమేదీ చెప్పకపోతే, చెరిపివేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది. ఏడాదికి ఇద్దరూ సులువుగానే ఒప్పుకున్నారు. పేచీ అంతా యజమాని గడి దగ్గరే వచ్చింది. "విభాగం పేరుందిగా, మధ్య నా పేరెందుకండీ?" అన్నారు ఉద్యోగుల విభాగం ఆయన. విభాగానికి రాసిన ఉత్తరం ఎవరూ విప్పరు. నిబంధనను మళ్ళీ చూసుకోవలసిన గడువు వచ్చినప్పుడు సాఫ్టువేరు పంపే హెచ్చరిక ఎవరో ఒక మనిషికి చేరాలి. మూడు వారాలు కాఫీలు తాగించాక సరేనన్నారు. (పెళ్ళి సంబంధం కుదర్చడం ఇంతకంటే తేలిక.)

పాత వరుసలన్నీ చెరిపారు. అక్కయ్యకి చెప్పలేదు. మేనల్లుడికి మాత్రం ఫోనులో చెప్పాను.

"అది ఇంకా ఉందా మావయ్యా!" అన్నాడు. కాస్సేపు ఊరుకుని, "మరి మిగతా కంపెనీలలో?" అన్నాడు.

ఆ యేడు వాడు 14 చోట్ల దరఖాస్తు పెట్టాడు.