పక్కన కూచున్నోడు

1996 మార్చి 9. బెంగుళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. వెంకటేశ్ ప్రసాద్ ఆమిర్ సొహేల్ వికెట్ పడగొట్టినప్పుడు మా గల్లీల అందరికన్న ముందు ఎగిరింది నేనే. పాకిస్తాన్ మీద 39 పరుగులతో గెలిచినం. సోమవారం ఉషారుగ బడికి పోయిన. తొమ్మిదో తరగతి. గేటు దగ్గర్నే ఎదురైండ్రు.

"ఏం రా సాయిబూ, మీరు ఓడిండ్రు గద!"

మీరు! నేనెక్కడ ఓడిన?

ఆ దినం నుంచి నా పేరు పోయింది. 'పాకిస్తాన్' అనే పిలిచేటోళ్లు. హాజరు పిలుస్తుంటే వెనక బెంచీల నుంచి ఆ పేరే. సారు విన్నడు. ఆయన గూడ కొంచెం నవ్విండు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మీ అన్నది: "సబర్ కర్ బేటా. లడాయి నక్కో." అబ్బా ఏమీ అనలే. లారీల షెడ్డుల ఆయన ఎన్ని మాటలు పడ్డడో నాకెన్నడు చెప్పలే. భయానికి మా ఇండ్లల్ల సబర్ అని పేరు.

మంచోళ్లు గూడ ఉన్నరు. భుజం మీద చెయ్యేసి "నువ్వు మీవోళ్ల లెక్క కాదురా, మా లెక్కనే" అనేటోళ్లు. ఓదార్పే అనుకున్న. దానికోసం ఏమేం చేసిననో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. టోపీ జేబుల దాచుకున్న. అమ్మీని బురఖాల బడికి రావద్దన్న.

మాదిగవాడ నుంచి ఒక పిలగాడు వచ్చేటోడు. వాణ్ణి గూడ కులం పేరు పెట్టి ఏడిపించేటోళ్లు. ఓ దినం సంచి తీస్కొనొచ్చి నా పక్కన కూచున్నడు. ఎందుకని నేనడగలే, వాడు చెప్పలే. మధ్యాహ్నం సద్దిగిన్నె ఇద్దరి నడుమ పెట్టిండు. పదో తరగతి అయ్యేదాక అక్కడ్నే కూచున్నడు. ఏడిపించుడు ఆగలే. నేను మాత్రం బడి మానలే.

2023 ఆగస్టుల ఒక వార్తను డెస్కుల నేనే తెలుగు చేసిన. ఉత్తరప్రదేశ్‌ల ముజఫర్‌నగర్ జిల్లా. ఒక టీచరమ్మ ముస్లిం పిలగాణ్ణి నిలబెట్టి తోటి పిల్లలతోని చెంపలు కొట్టించింది. వీడియో దేశమంతా చూసింది. సెప్టెంబరుల సుప్రీంకోర్టు, దెబ్బలు తిన్న పిల్లవానితో పాటు కొట్టిన పిల్లలకు గూడ కౌన్సెలింగ్ ఇప్పించమన్నది. ఆ వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. గేటు కాడ నన్నన్నోళ్లు గూడ పద్నాలుగేండ్లోళ్లే. వాళ్లకా మాట ఎవరు నేర్పిండ్రో ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నేను ఆలోచించలే. సారు నవ్వు మాత్రం మరువలే.

ఆ చలికాలమే నా బిడ్డ బడి నుంచొచ్చి సంచి విసిరేసింది. ఏడో తరగతి. వ్యానుల పిల్లలు ఏదో పేరు పెట్టిండ్రట. ఏం పేరో చెప్పలే. నాకు తెల్వకుండనే నోట్లెకెళ్లి వచ్చింది: "సబర్ కర్ బేటా."

పేపర్ల ఇన్ని రాసిన మనిషిని. అమ్మీ మాటే మిగిలింది.

బిడ్డ నా మొకం చూసింది. "సబర్ నేను చేస్త అబ్బూ. నువ్వు రేపు బడికొస్తవా, రావా?"

తెల్లారి ఆఫీసుకు సెలవు పెట్టి పోయిన. హెడ్మిస్ట్రెస్ గది ముందట బెంచీ మీద ఇద్దరం కూచున్నం. పేర్లడిగితే ఆ పిల్లల పేర్లు చెప్పాల్నా వద్దా అని బిడ్డ మెల్లగ అడిగింది. నేనింకా ఆలోచిస్తనే ఉన్న. లోపలికి పిలిచిండ్రు.