అవ్వ తుంటి

జనవరి 19, ఆదోని

తెల్లారుజామున ఎమ్మిగనూరులో అవ్వ నీళ్లు పోసుకునే బచ్చలి దగ్గర జారి పడింది. లేపబోతే కెవ్వుమంది. మంచం మీద పడుకోబెట్టి చూస్తే కుడికాలు పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగిపోయింది. ఆదోనికి తీసుకొచ్చి ఎక్స్‌రే తీయిస్తే తొడ ఎముక మెడ దగ్గర విరిగిందన్నారు.

“ఈ వయసులో ఆపరేషన్ ఏందప్పా, పుత్తూరు కట్టు కట్టించండి” అన్నాడు మామ. చెయ్యి విరిగితే సరే. తుంటి కీలు లోపల విరిగినదాన్ని ఏ కట్టు పట్టి ఉంచుతుంది?

జనవరి 20, కర్నూలు

కర్నూలుకు వచ్చే దారిలో కోడుమూరు దాటేదాకా ప్రతి గుంతకూ అవ్వ నా మణికట్టు బిగించి పట్టుకునింది.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు ఓపిగ్గా చెప్పినాడు. తొడ ఎముక పైనుండే బంతికి రక్తం చాలావరకు మెడ మీదుగానే పోతుంది. మెడ విరిగితే ఆ దారి తెగుతుంది. స్క్రూలు బిగించినా ముసలివాళ్లకు అతక్కపోవచ్చు, బంతి చచ్చుబడొచ్చు. అందుకే దాన్ని తీసేసి లోహపు బంతి పెడతారు. మెడకు కింద విరిగుంటే ఎముక లోపల రాడ్ వేసేవాళ్లంట. ఇంగ్లండులో అయితే చేరిన రోజో మర్నాడో చేసెయ్యాలని మార్గదర్శకం.

ఆపరేషన్ లేకుండా మంచాన పడుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపున పుండ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డలు. ఆపరేషన్‌లోనూ అపాయం లేకపోలేదు: చీము పట్టొచ్చు, బంతి గూటి నుంచి జారొచ్చు, గుండె తట్టుకోలేకపోవచ్చు. ఏదీ దాచకుండా చెప్పి సంతకం అడిగినాడు. నాయన చెయ్యి వణికింది. అయినా పెట్టినాడు.

జనవరి 23

నిన్న ఆపరేషన్ అయింది. నడుముకు మత్తుసూది ఇచ్చినారు.

రాత్రి అవ్వకు మేమెవరమో తెలియలేదు. గాల్లో చేతులు ఆడిస్తా ఉంటే మగ్గం మీద నాడె విసురుతుందని అమ్మ కనిపెట్టింది. “పోగు తెగింది, చూడు!” అని నన్ను కసురుకునింది. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సొసైటీకి నేసిన మనిషి అవ్వ. ఈ తికమక పిచ్చి కాదు, పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత తరచూ వచ్చేదే అని నర్సమ్మ ధైర్యం చెప్పింది. కళ్లద్దాలు పెట్టండి, పేరు పెట్టి పలకరించండి, పగలు నిద్ర పోనీకండి అనింది. పొద్దున అద్దాలు పెట్టగానే “కాఫీ ఏదిరా?” అనింది. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం వాకర్ ఇచ్చి నిలబెట్టినారు.

ఫిబ్రవరి 4, ఎమ్మిగనూరు

ఇంటికొచ్చినాక అవ్వ పిక్క వాచి వేడిగా ఉంది. ఆపరేషన్ అయిన కాలికి వాపు మామూలేనన్నారు ఇరుగుపొరుగు. నేను వినలేదు. స్కాన్‌లో రక్తం గడ్డ కనిపించింది. పల్చబరిచే మందు మొదలైంది.

ఏప్రిల్ 12

కర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయొస్తుంది. కింద కూచోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. గుంతమగ్గం ఇక లేనట్టే, ఆ బెంగ ఆమెకుంది. కమోడ్ కుర్చీ తెచ్చినాం, బచ్చలి గోడకు కమ్మీ బిగించినాం. గుల్లబారిన ఎముకలకు మందు వేరే.

కనిపించిన అందరికీ చెప్తున్నా. పడిన పెద్దవాళ్ల కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపిస్తే నూనె మర్దన చెయ్యొద్దు. ఆ పూటే ఎక్స్‌రే తీయించండి.