పాత కిడ్నీ

2025 ఆగస్టు 12, మంగళవారం
సాయంత్రమైతే తమ్ముడికి ఒళ్లు వెచ్చబడతా ఉంది. తొంభైతొమ్మిది దాటదు. అమ్మ ఇచ్చిన కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా వేసుకునే టాక్రోలిమస్, ప్రెడ్నిసలోన్ మాత్రలు జ్వరాన్ని కూడా అణిచేస్తాయంట. అందుకే ఈ కాస్త వేడికే డాక్టరమ్మ ముఖం మారింది. మూత్రం, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ దేంట్లోనూ ఏమీ దొరకలేదు. రంగుమందు ఎక్కించి సీటీ తీస్తే కొత్త కిడ్నీకి చేటేమోనని పెట్ సీటీ రాశారు.

ఆగస్టు 13
రేపటి పెట్ సీటీ కోసం ఈ రోజు వాడికి సంగటి, అన్నం లేవు. కోడికూర, గుడ్లు. టమాటా కోతకు పోతానన్నాడు. కండలు కష్టపడితే ఎక్కించే చక్కెర వాటికే పోతుందని చెప్పి ఆపినాను. "నాన్న ఆస్తిలో నీ పాలు కూడా నాకే వచ్చిందిలే అక్కా" అని నవ్వినాడు. కిడ్నీల నిండా నీటితిత్తులు పుట్టే జబ్బు నాన్నది. బిడ్డల్లో ఎవరికైనా వచ్చే అవకాశం సగానికి సగం. నాకు రాలేదు.

ఆగస్టు 14
స్కానింగ్‌కు పోతా అత్తిబెలె దగ్గర లారీల వెనక ఇరుక్కుంటిమి. చక్కెర సూదిమందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగమైపోతుంది, మనకోసం కాచుకోదు. నెత్తుట్లో చక్కెర చూసినాకే సూది వేసి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టినారు. క్రిములతో పోరాడే తెల్లకణాలు చక్కెరను తెగ లాక్కుంటాయి. పోరు ఎక్కడుంటే బొమ్మలో అక్కడ వెలుగు.

ఆగస్టు 18
కొత్త కిడ్నీ, మూత్రసంచి వెలిగినాయి. అది మూత్రంలో దిగిన మందే, భయం లేదన్నారు. పాత కిడ్నీలు మూత్రం చెయ్యవు కాబట్టి అక్కడ వెలుగు ఉండకూడదు. ఎడమదాంట్లో ఒక తిత్తి చుట్టూ ఉంగరంలా వెలిగింది! తిత్తికి బయటికి దారి లేదు, అందుకే మూత్రం శుభ్రంగా కనిపించింది. కిడ్నీ మార్చే ఆపరేషన్‌లో పాతవాటిని మామూలుగా తియ్యరు, కొత్తదాన్ని పొత్తికడుపులో కింద పెడతారు. ఆ క్రిమి ఏదో మాత్రం బొమ్మ చెప్పదు. తిత్తిలోకి దూరగల సిప్రో మొదలుపెట్టినారు, వారాల తరబడి వాడాలి.
అమ్మకు ఫోన్ చేస్తే అడిగింది ఒక్కటే: "నాది బాగుంది కదా?"

ఆగస్టు 25
వేడి తగ్గింది. మళ్లీ వస్తే పాత కిడ్నీ తియ్యాల్సి రావచ్చు. తమ్ముడి కూతురికి అల్ట్రాసౌండ్ ఎప్పుడు తీయించాలో కనుక్కోమని మరదలు అంటా ఉంది. ఈసారి పోయినప్పుడు అడగాల.